సోమవారపు సాక్ష్యము

ఈ సంవత్సరము ఒకనాడు బైబిలు తరగతి ముగిసిన పిమ్మట ఒక విద్యార్థి మా యొద్దకు వచ్చి యిట్లు ప్రశ్నించెను. "అయ్యగారూ, క్రైస్తవుడు సాక్షిగా నుండవలెనని ప్రతి ఆదివారమును వినుచున్నాము. సోమవారమున నేనెవరికి సాక్ష్యమియ్యవలెను? నాకు ప్రసంగము చేయుట రాదు. మా వీధిలో నన్నెవరును ఏమియు నడుగరు."

మేము వెంటనే సరియైన యుత్తరము చెప్పలేకపోతిమి. అంతలో గంట కొట్టిరి. బాలుడు లెక్కల తరగతికి పోయెను. ఆనాడు చెప్పవలసినదానిని ఈ పత్రికాముఖమున వ్రాయుచున్నాము. క్రైస్తవులు కాని తలిదండ్రులును ఈ సంచికను చదువుదురని మే మెరుగుదుము. వారును దీనిని చదువవలెననియే మా కోరిక. ఏలయనగా తమ పిల్లల ప్రక్కన బల్లమీద కూర్చుండు క్రైస్తవ బాలునికి మేమేమి బోధించుచున్నామో తెలిసికొనుటకు వారికి హక్కు గలదు.

సాక్షి యను మాట విన్నంతనే మనకు న్యాయస్థానము తలంపునకు వచ్చును. అక్కడ వాదించువాడు వకీలు, సాక్షి వాదింపడు. తాను చూచినదానిని, విన్నదానిని, అడిగినప్పుడు చెప్పి దిగిపోవును. కాబట్టి ప్రసంగము రాదని చింతించు బాలుడు వకీలు కాలేకపోయినను సాక్షి కాగలడు. అయితే సాక్షికి ఒక కట్టుబాటు కలదు. తాను చూడనిదానిని చెప్పరాదు. పెద్దల ప్రసంగములలోని మాటలను కంఠస్థము చేసి తన యనుభవముగా చెప్పువాడు మొదటి అడ్డుప్రశ్నకే తడబడును. అట్టివారిని మేము చాలమందిని చూచితిమి. మా చిన్ననాట మేమును అట్టివారమే.

ఇక సందర్భములు ఎక్కడ దొరకునను ప్రశ్నకు దూరదేశముల కథలు వెదకనక్కరలేదు. ఒంగోలు సంఘచరిత్ర చాలును. జాన్ క్లౌ దొరగారు 1866వ సంవత్సరమున ఒంగోలునకు కాపురము వచ్చిరి. ఆయన పేరు మన పిల్లలందరికిని తెలియును. ఆయనకంటె ముందుగా ఆ పల్లెలలో సువార్తను మోసికొనిపోయిన యర్రగుంట్ల పేరయ్యగారి పేరు పదిమందికైనను తెలియునో లేదో సందేహము. పేరయ్యగారు ఒంగోలునకు పడమటనున్న తాళ్లకొండపాడు వాస్తవ్యులు, మాదిగ కులమున జన్మించినవారు, తోళ్ల వర్తకులు. చదువు లేదు. అయినను సత్యమును వెదకు మనసు గలవారై, గురువులను సేవించి రాజయోగము నభ్యసించిరి. తోళ్ల వ్యాపారముమీద ఉత్తరముగా ఏలూరు ప్రాంతమునకు పోయినప్పుడు అక్కడ క్రీస్తును గూర్చి వినిరి. విని ఇంటికి తిరిగి వచ్చి, విన్నదానిని భార్యయైన నాగమ్మగారికిని తన బంధువులకును చెప్పిరి. ఒంగోలునకు దొరగారు వచ్చిరని తెలిసినప్పుడు తామే వెదకికొని పోయి బాప్తిస్మము పొందిరి.

మరుసటి సంవత్సరము, అనగా 1867 జనవరిలో, క్లౌ దొరగారు తాళ్లకొండపాడు వద్ద గుడారము వేసినప్పుడు 28 మంది బాప్తిస్మము పొందిరి. దొరగారికి తెలుగు భాష అప్పటికింకను క్రొత్త. అక్కడికి వచ్చినవారు ఆయన ప్రసంగములకు లోబడి వచ్చినవారు కారు; పేరయ్యగారి నోట ఇంటివద్దను దారిలోను ముందుగనే విన్నవారు. తోళ్లకొరకు ఊరూర తిరుగుట ఆయన జీవనోపాధి. ఆ తిరుగుటయే ఆయనకు సందర్భమాయెను. పేతురు యొప్పేలో చర్మకారుడైన సీమోను ఇంట బస చేసెననియు, పౌలు కొరింథులో అకుల ప్రిస్కిల్లలతో కూడ డేరాలు కుట్టుచుండెననియు అపొస్తలుల కార్యములలో చదువునప్పుడు, మనము ఆ వృత్తుల పేర్లను త్వరగా దాటిపోవుదుము. అక్కడ కొంచెము ఆగవలెను.

ఒంగోలు ప్రాంతమున క్రొత్తగా చేరినవారికి మూడు నియమములు పెట్టబడెను. ఆదివారము పని చేయరాదు, చచ్చిన గొడ్డు మాంసము తినరాదు, విగ్రహములను పూజింపరాదు. ఇవి వినుటకు చిన్నవి. కాని వెట్టి చేయవలసినవాడు ఆదివారము రానన్నప్పుడు, జాతరకు డప్పు కొట్టవలసినవాడు కొట్టనన్నప్పుడు, ఊరి పెద్దలకు ఆగ్రహము వచ్చెను. కొన్నిచోట్ల బావులకును బజారులకును పోనీయక అడ్డగించిరి. ఈ బీదలు ప్రసంగవేదిక నెక్కలేదు. "ఎందుకు రావు? ఎందుకు కొట్టవు?" అని ఊరివారే అడిగిరి. అడిగినవారికి చెప్పవలసివచ్చెను. ఆ యుత్తరమునకు వెల చెల్లించినవారు గనుక వారి మాటకు బరువుండెను. నేడు తోటివారికి దేవుని వాక్యము గల బొమ్మలను సెల్‌ఫోనులో ప్రతి ఉదయమును నూరుమందికి పంపి, సాక్ష్యము ముగిసినదని తలంచువారిని చూచునప్పుడు మాకు ఆ డప్పు కొట్టనివారు జ్ఞాపకము వచ్చుచుందురు.

తరువాత 1876 మొదలు 1878 వరకు మహా క్షామము సంభవించెను. క్లౌ దొరగారు బకింగుహాము కాలువ త్రవ్వకములో మూడు మైళ్లకు పైగా కంట్రాక్టు తీసికొని, ఆకలిగొన్నవారికి కూలి దొరకునట్లు చేసిరి. ఉపదేశులే ఆ పనికి మేస్త్రీలుగా నుండిరి. మట్టి మోయువారు పనిమధ్య విశ్రమించినప్పుడు వారితో కూర్చుండి మాటలాడిరి, కష్టము వినిరి, అడిగినవారికి క్రీస్తును గూర్చి చెప్పిరి. కాని యిక్కడ అందరును గమనింపవలసిన విషయ మొకటి కలదు. ఆ క్షామకాలమున ఏడాదికి పైగా దొరగారు ఎవరికిని బాప్తిస్మమియ్యలేదు. అన్నముకొరకు వచ్చినవారెవరో, విశ్వాసముచేత వచ్చినవారెవరో తెలియదను భయమే దానికి కారణము. సహాయము ముగిసి, ఇక ఇచ్చుటకు ఏమియు లేదని చెప్పిన పిమ్మటనే బాప్తిస్మములు తిరిగి ఆరంభమాయెను. 1878 జూలై 3వ తేదీన వెల్లంపల్లివద్ద గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ సంఖ్యను మన సభలలో తరచుగ చెప్పుకొందుము. దానికి ముందు ఇయ్యబడని బాప్తిస్మములను గూర్చి చెప్పుకొనుట అరుదు. మా యభిప్రాయమున రెండవదే గొప్ప కార్యము.

మన కాలమున ఈ విషయము చట్టమునందును స్పష్టముగా నున్నది. భారత రాజ్యాంగము 25వ అధికరణము తన మతమును అవలంబించుటకును, ఆచరించుటకును, ప్రచారము చేయుటకును ప్రతి మనుష్యునికి స్వేచ్ఛ నిచ్చుచున్నది. ప్రచారమనగా తన విశ్వాసమును వివరించి చెప్పుటయే గాని మరియొకని మార్చివేయు హక్కు కాదని సుప్రీం కోర్టువారు 1977లో తీర్పు చెప్పిరి. ప్రభుత్వ గుర్తింపు గాని ధనసహాయము గాని పొందు పాఠశాలలో, తలిదండ్రుల యనుమతి లేనిదే బాలుని మతబోధకు గాని ఆరాధనకు గాని బలవంతపెట్టరాదని 28వ అధికరణము చెప్పుచున్నది. దీనిని కొందరు మనకు సంకెల యనుకొందురు. మేమట్లు తలంపము. అడిగినవానికి చెప్పుట, అడుగనివాని వెంటబడకుండుట, ఏ మేలుకును విశ్వాసమును వెలగా కోరకుండుట, ఇవి చట్టము పుట్టకమునుపే సువార్తలో నున్నవి.

ఇట్లు వ్రాయుచున్న మేము ఈ పాఠమును నేర్చుకొన్న విధము గౌరవకరమైనది కాదు. కొన్ని సంవత్సరముల క్రిందట మార్కాపురమునుండి ఒంగోలునకు బస్సులో పోవుచుంటిమి. మా ఒడిలో బైబిలు గ్రంథ ముండెను. ప్రక్కన కూర్చున్న నడివయస్సు రైతు ఒకడు దానిని చూచి, కొంతసేపు ఊరకుండి, "మాస్టారూ, మా పిల్లవాడు పోయినాడు. చచ్చిపోయినవాళ్ళ సంగతి మీ పుస్తకంలో ఏమన్నా ఉందా?" అని అడిగెను. ఇంతకంటె గొప్ప సందర్భము ఎవరికి దొరకును? మేము పునరుత్థానమును గూర్చి అరగంట సేపు ప్రసంగించితిమి. వాక్యములన్నియు సరిగనే చెప్పితిమి. ఆయన తల యూపుచు వినెను. పొదిలివద్ద నమస్కరించి దిగిపోయెను. బస్సు కదలిన పిమ్మట మాకు తెలిసివచ్చినదేమనగా, ఆ పిల్లవాని పేరేమని మేమడుగలేదు. ఎన్నేండ్లవాడో, ఏమి జరిగెనో అడుగలేదు. ఆయన తన కుమారుని గూర్చి మాటలాడ గోరెను. మేము మా విద్యను గూర్చి మాటలాడితిమి.

ఆనాటినుండి యోహాను సువార్తలోని సమరయ స్త్రీ వృత్తాంతమును మేము వేరు విధముగ చదువుచున్నాము. మధ్యాహ్నపు టెండలో బావియొద్ద కూర్చున్న ప్రభువు ఆమెను మొదట ఏమియు బోధింపలేదు. దాహమునకు నీళ్లడిగెను. నీళ్లు చేదు పాత్ర ఆమెయొద్ద ఉండెను, ఆయనయొద్ద లేదు. యూదుడు సమరయ స్త్రీని నీళ్లడుగుట అనగా నేమో మన దేశస్థులకు ఒకరు వివరింపనక్కరలేదు. ఊరి బావియొద్ద నిలువనీయబడనివారి మనుమలు మనలో ననేకులు కలరు. పిమ్మట ఆమెయే ప్రశ్న వెంబడి ప్రశ్న వేసెను.

మా విద్యార్థి యడిగిన సోమవారమునకు ఇప్పుడు వచ్చెదము. అతడు మధ్యాహ్నము టిఫిను డబ్బా తెరచి కన్నులు మూసికొని స్తుతి చెల్లించును. ఎదుటివాడు చూచును. అది చాలును, ప్రార్థన దీర్ఘము కానక్కరలేదు, ప్రక్కవాని కూర చల్లారనీయనక్కరలేదు. పరీక్షలో ప్రక్కవాడు కాగితము చూపుమనినప్పుడు చూపకపోవుట మంచిదే. కాని ముందురాత్రి అతనికి ఆ పాఠము చెప్పియుండనివాడు ఆనాడు మాత్రము నీతిమంతుడగుట మాకంతగా నచ్చదు.

దీనికంటె కష్టమైనది ప్రసాదము సంగతి. వినాయక చవితి మరునాడు స్నేహితుడు ప్రేమతో ఉండ్రాళ్లు తెచ్చి చేతిలో పెట్టును. క్రైస్తవ బాలుడేమి చేయవలెను? ఈ విషయమున విశ్వాసులందరు ఒకే విధముగ నడచుకొనరు; పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికలో దీనిని గూర్చియే దీర్ఘముగ చర్చించెను. మనస్సాక్షి ఒప్పనివాడు తీసికొనకుండుటయే మేలు. కాని ముఖము త్రిప్పుకొనుట, ఎగతాళి చేయుట, వాని యింటి దేవుని గూర్చి చులకనగ మాటలాడుట సాక్ష్యము కాదు, అమర్యాద. చేతులు జోడించి, "మీ అమ్మగారు శ్రమపడి చేసినవి. మా యింట పూజలో పెట్టినదానిని తినము. తప్పుగా తలంపవద్దు" అని చెప్పి, మరియొకనాడు వాని యింట పులిహోర పెట్టినప్పుడు కడుపునిండ తినవలెను. అప్పుడు వాడు ఎందుకని అడుగును, అడుగకపోవచ్చును. అడిగిననాడు రెండు మాటలు చెప్పవచ్చును. అడుగనినాడు స్నేహము మిగిలియుండును. అది తక్కువ లాభము కాదు.

ఇది చదువుకొన్నవారి పని మాత్రమే యని తలంచువారికి దోర్నకల్ అధ్యక్షులైన అజరయ్యగారి పద్ధతిని జ్ఞాపకము చేయుచున్నాము. తిరునెల్వేలి సీమలో పుట్టి, తెలుగుదేశమునకు మిషనరీగా వచ్చి, 1912 డిసెంబరు 29వ తేదీన కలకత్తాలో బిషప్పుగా అభిషిక్తులై, 1945 జనవరి 1వ తేదీన పరమపదించు వరకు ఆయన ఆ పదవియందే యుండిరి. గ్రామములలో బాప్తిస్మము పొందినవారిచేత తమ చేతులను తమ తలలమీద నుంచుకొనజేసి, తాము బాప్తిస్మము పొందినవారమనియు, సువార్త చెప్పకపోయినయెడల తమకు శ్రమ యనియు ఒక్కొక్కరిచేత పలికించుచుండిరి. అక్షరము రాని కూలివాడును, పసిబిడ్డను చంక నెత్తుకొన్న తల్లియు ఆ మాటను పలికిరి. మరునాటి ఉదయమున వారు పోయినది నాట్లకును కలుపు తీతకును. అచ్చటనే వారికి వినువారు దొరకిరి.

ఈ వ్యాసము సగము వ్రాసియుండగా ఆ విద్యార్థి మరల వచ్చెను. వాని ప్రక్కయింటి తోటి విద్యార్థికి జ్వరము తగులగా, వీడు పది దినములు ప్రతి సాయంకాలమును పోయి పాఠములు వ్రాసియిచ్చెనట. ఆ యింటి అవ్వ నడవలో కూర్చుండి చూచుచుండి, ఒకనాడు, "అబ్బాయీ, మీ దేవుడు మా వాడి కోసం ఏమన్నా చేస్తాడా? అడిగి చూడరాదూ?" అని యడిగెను. వీడు భయపడి, "అడుగుతానవ్వా" అని మాత్రము చెప్పి వచ్చెను. "ఇంకేమి చెప్పవలసినదయ్యగారూ?" అని మమ్మడిగెను.

చెప్పినది సరిపోయినదనియు, ఇప్పుడు అడుగుటయే మిగిలినదనియు చెప్పితిమి. పిల్లవాని పేరడిగి తెలిసికొని, మేమిద్దరమును అక్కడనే మోకరించితిమి. తరువాత వాడు ఆ సాయంకాలము వ్రాసియియ్యవలసిన సాంఘిక శాస్త్రము పుస్తకము తీసికొని వెళ్లిపోయెను.