బ్యాగుతో దిగే నల్లులు

సుమతీ శతకంలో నల్లి కుడితే చేటు మంచానికి. మన హాస్టల్లో మాత్రం పక్క మంచం అమ్మాయికి! "శుభ్రం లేదు" అనేస్తాం. నల్లికి మురికి అక్కర్లేదు, మన రక్తం చాలు. రెక్కల్లేవు కాబట్టి స్లీపర్ బస్సు పరుపులోంచి బ్యాగు కుట్లలోకి దూరి, మనతోపాటే దిగుతుంది.

అందుకే నేను ఊరినుంచి రాగానే బ్యాగు మంచమ్మీద పెట్టను. వరండాలోనే విప్పి, కుట్లూ జిప్పు అంచులూ టార్చిలైటుతో చూస్తాను. నల్లటి చుక్కలుంటే అనుమానించాల్సిందే. 50 డిగ్రీలు దాటిన వేడికి నల్లులూ గుడ్లూ చస్తాయి. కాబట్టి బట్టలు చెయ్యి పెట్టలేనంత వేడినీళ్లలో అరగంట నానబెడతాను. గుడ్లు పిల్లలవడానికి వారం, పది రోజులు పడుతుంది గనక రెండు వారాలకు మళ్లీ వెతుకుతాను.

కనబడితే సిగ్గుపడి దాచకండి, వార్డెన్‌తో చెప్పండి. దాచేకొద్దీ అవి పక్క గదులకూ పాకుతాయి.