తిరుమల ఘాట్ రోడ్డులో 80 కోట్ల ఏళ్ళు

మన తరం వాళ్ళం ఆంధ్రప్రదేశ్ బడుల్లో భూమి గురించి చదువుకున్నదంతా సోషల్ స్టడీస్ లోనే. అగ్నిశిలలు, అవక్షేప శిలలు, రూపాంతర శిలలు, ఒక్కోదానికి రెండేసి ఉదాహరణలు, పటంలో దక్కన్ పీఠభూమి గుర్తించుట... అక్కడితో సరి! ఆ తర్వాత ఎంపీసీ, ఎంసెట్, ఇంజనీరింగ్, ఇక్కడ ఎమ్మెస్.

ఇప్పుడు మా అమ్మాయి నాలుగో తరగతి. 2013లో వచ్చిన నెక్స్ట్ జనరేషన్ సైన్స్ స్టాండర్డ్స్ ప్రకారం ఈ వయసు పిల్లలు రాతి పొరల్ని, శిలాజాల్ని సాక్ష్యంగా చూపించి ఆ నేల ఎలా మారుతూ వచ్చిందో చెప్పగలగాలి. న్యూయార్క్ హైస్కూల్ పిల్లలు రాసే రీజెంట్స్ పరీక్షలోనైతే ఖనిజాల పట్టికలూ, భూమి కాలపట్టికా అచ్చువేసి చేతికే ఇస్తారు. కంఠతా పట్టే పని లేదు, వాటిని చదివి జవాబు రాబట్టడమే పరీక్ష!

ఆమె హోంవర్క్ లో గ్రాండ్ కాన్యన్ బొమ్మ ఉంది. అడుగున ఉన్న రాయి పేరు విష్ణు షిస్ట్ (నిజంగానే మన విష్ణువు పేరే). వయసు దాదాపు 170 కోట్ల ఏళ్ళు. చాలాచోట్ల దాని మీద నేరుగా కూర్చున్న ఇసుకరాయి వయసు 50 కోట్ల ఏళ్ళ పైచిలుకు. మధ్యలో వంద కోట్ల ఏళ్ళకు పైగా లెక్క లేదు! సర్వర్ లాగ్ లో కొన్ని నెలల ఎంట్రీలు ఎవరో చెరిపేసినట్టు. నేల పైకి లేచింది, గాలీ నీరూ అరగదీశాయి, చాలాకాలం తర్వాత సముద్రం వచ్చి కొత్త ఇసుక పరిచింది.

ఇలాంటిదే మనకూ ఉంది. తిరుమల ఘాట్ రోడ్డులో కింద గ్రానైట్, దాని మీద కడప శ్రేణికి చెందిన క్వార్ట్జైట్. రెంటికీ మధ్య దాదాపు 80 కోట్ల ఏళ్ళ ఖాళీ. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా దాన్ని జాతీయ భూవిజ్ఞాన స్మారకంగా ప్రకటించింది. మనమేమో ఆ మలుపుల్లో కళ్ళు మూసుకుని గోవిందా అనుకుంటూ వెళ్ళిపోయాం!

ఈ వయసులు ఎలా తెలుస్తాయంటే, ఎంసెట్ కోసం మనం చేసిన హాఫ్ లైఫ్ లెక్కలే. యురేనియం-238లో సగం సీసంగా మారడానికి సుమారు 447 కోట్ల ఏళ్ళు పడుతుంది. రాతిలో రెండూ ఎంతెంత ఉన్నాయో కొలిస్తే వయసు వస్తుంది. ఆ లెక్క ఎందుకు చేస్తున్నామో మాకు మాత్రం ఎవరూ చెప్పలేదు.

హైస్కూల్లో కోర్సులు ఎంచుకునేటప్పుడు మనవాళ్ళు ఎర్త్ సైన్స్ ని తేలిగ్గా తీసేస్తారు. ఏపీ ఫిజిక్స్ ఉంది, ఏపీ కెమిస్ట్రీ ఉంది, ఏపీ జియాలజీ లేదు కదా! నాకు ఇది సరైన లెక్క అనిపించదు. ఊళ్ళో బోరు కోసం డాలర్లు పంపేది మనమే. అక్కడ ఇప్పటికీ అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని నీళ్ళు వెతికేవాళ్ళు ఉన్నారు. గ్రానైట్ నేలలో నీరుండేది పైనున్న శిథిలమైన పొరలోనూ, కింద పగుళ్ళలోనూ. ఆ రాతిలోని ఫ్లోరైడ్ నీళ్ళలోకి కరిగే నల్గొండలో అంతమంది ఎముకలు వంగిపోయాయి. తాగునీటిలో అది లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. ఈసారి ఊరి నుంచి ఫోన్ వస్తే బోరు ఎన్ని అడుగులు పడిందని అడిగి ఊరుకోకండి, నీళ్ళ పరీక్ష రిపోర్టు కూడా పంపమనండి.