రిజిస్టరు అక్కర్లేని డిజిటల్ సంతకం

ఏ రాష్ట్రంలో స్థిరపడినా, మన ఇళ్లకు కాగితాలు ఇప్పుడు చాలావరకు ఫైళ్లుగానే వస్తున్నాయి. కర్ణాటకలో ఉన్నవారి పహాణీ, తమిళనాడులో ఉన్నవారి పట్టా ఇలాంటివే. వాటి కింద డిజిటల్ సంతకం ఉంటుంది. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం ఈ సంతకానికి చేతి సంతకంతో సమానమైన చెల్లుబాటు ఇచ్చింది. భూమి కాగితం మనవల కాలానికి కూడా పనికిరావాలి. కాబట్టి ఈ సంతకం ఎంతకాలం గట్టిగా నిలుస్తుందన్నది మన ప్రశ్న కూడా.

ఇప్పుడు ఎక్కువగా వాడే ఆర్‌ఎస్‌ఏ సంతకం ఒక లెక్క మీద నిలబడి ఉంది. రెండు పెద్ద ప్రధాన సంఖ్యలను గుణించడం సులువు. వచ్చిన లబ్ధాన్ని చూసి ఆ రెండు సంఖ్యలు ఏవో చెప్పడం మహా కష్టం. తగినంత పెద్ద క్వాంటం కంప్యూటర్ ఉంటే ఈ చిక్కు విడిపోతుందని 1994లో అమెరికా గణిత శాస్త్రజ్ఞుడు పీటర్ షోర్ చూపించారు. అంత పెద్ద యంత్రం ఇంకా రాలేదు. వస్తే మాత్రం, అధికారి సంతకాన్ని ఎవరైనా పుట్టించి, పాత తేదీతో దొంగ పత్రం తయారుచేసే ప్రమాదం ఉంది. అందుకే శాస్త్రజ్ఞులు ముందుగానే వేరే దారులు చూశారు. వాటిలో ఒకటి హ్యాష్.

హ్యాష్ అంటే ఎంత పెద్ద పత్రాన్నయినా ఒకే పొడవు గుర్తుగా మార్చే పద్ధతి. ఎస్‌హెచ్‌ఏ-256 అనే హ్యాష్‌లో ఆ గుర్తు 256 బిట్లు, అంటే 256 సున్నాలు, ఒకట్ల వరుస. పత్రంలో ఒక్క అక్షరం మారినా గుర్తంతా మారిపోతుంది. పిండిని మళ్లీ గింజలు చేయలేనట్టే, గుర్తు నుంచి పత్రాన్ని వెనక్కి తీయలేం.

దీనితో సంతకం ఎలా చేయాలో 1979లో లెస్లీ లాంపోర్ట్ చెప్పారు. సంతకం చేసేవారు 256 జతల రహస్య సంఖ్యలు తయారు చేసుకుని, వాటి హ్యాష్‌లను మాత్రం ముందే అందరికీ ప్రకటిస్తారు. పత్రం గుర్తులో మొదటి బిట్ సున్నా అయితే మొదటి జతలో ఎడమ రహస్యాన్ని, ఒకటి అయితే కుడి రహస్యాన్ని బయటపెడతారు. అలా 256 జతలూ. చూసేవారు వాటికి హ్యాష్ కట్టి, ప్రకటించిన వాటితో సరిపోల్చుకుంటారు. అయితే ఇది ఒక్కసారికే పనికొస్తుంది. అదే కట్టతో రెండో పత్రానికి సంతకం చేస్తే, చాలా జతల్లో రెండు రహస్యాలూ బయటపడతాయి. దొంగకు వాటిని కలిపి కొత్త సంతకం పుట్టించే వీలు దొరుకుతుంది.

రాల్ఫ్ మెర్కిల్ ఇలాంటి కట్టలు ఎన్నో తీసుకుని చెట్టు ఆకుల్లా పేర్చారు. రెండేసి కలిపి హ్యాష్ కడుతూ పోతే చివరికి ఒక్క వేరు మిగులుతుంది. అందరికీ ఆ వేరును ప్రకటిస్తే చాలు. కానీ ఏ ఆకు వాడేశామో రాసుకుంటూ ఉండాలి. ఆఫీసులో పనిచేసినవారికి ఈ చిక్కు తెలిసిందే, రసీదు పుస్తకంలో ఒకే నంబరు ఇద్దరికి పోకూడదు. కంప్యూటర్ చెడిపోయి వారం కిందటి బ్యాకప్ ఎక్కించారనుకోండి. దాని రిజిస్టరు కూడా వారం వెనక్కి పోతుంది, వాడిన ఆకు మళ్లీ వాడనిదిగా కనిపిస్తుంది. ప్రమాదం అక్కడే.

ఈ రిజిస్టరు అవసరమే లేకుండా చేసిన పద్ధతి పేరు స్ఫింక్స్, 2015లో వచ్చింది. ఇందులో ఏ ఆకు వాడాలో పత్రం నుంచి, కొంత రహస్యం కలిపి కట్టిన హ్యాష్ నుంచి తేలుతుంది. చెట్ల మీద చెట్లు అంతస్తులుగా ఉంటాయి. ఆకుల సంఖ్య 1 పక్కన 18 సున్నాలు వేసినదానికన్నా ఎక్కువ. వాటిని ఎక్కడా దాచిపెట్టరు, ఒక చిన్న రహస్య బీజం నుంచి కావలసినప్పుడు లెక్కగట్టి తీస్తారు. ఆకుల దగ్గర ఉన్నవి కొన్నిసార్లు వాడినా తట్టుకునే కట్టలు. కనుక పొరపాటున ఒకే ఆకు మళ్లీ వచ్చినా కొంప మునగదు. దీన్ని మెరుగుపరిచిన రూపాన్ని అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2024 ఆగస్టులో ఎస్‌ఎల్‌హెచ్-డీఎస్‌ఏ పేరుతో ప్రమాణంగా ప్రకటించింది.

దీనికి ఖరీదు ఉంది. 2048 బిట్ల ఆర్‌ఎస్‌ఏ సంతకం 256 బైట్లు. ఇక్కడ అతి చిన్న సంతకమే 7,856 బైట్లు, పెద్దది 49,856. సంతకం చేయడానికి సమయం కూడా ఎక్కువ పడుతుంది. క్షణానికి వేల సంతకాలు కావలసిన చోట ఇది బరువే. కానీ ఒకసారి సంతకం చేసి తరాలు దాచుకునే భూమి పత్రానికి ఆ కొన్ని వేల బైట్లు పెద్ద భారం కాదు, ఫోన్‌లో తీసిన ఫోటో ఒక్కటే అంతకన్నా ఎంతో పెద్దది.

ఈరోజు ఎవరూ కంగారుపడి పరుగెత్తాల్సిన పనిలేదు. కానీ ఒక మాట గుర్తుంచుకోండి. ప్రింటు తీసిన కాగితం మీద కనిపించేది సంతకం బొమ్మ మాత్రమే, అసలు డిజిటల్ సంతకం ఫైల్లోనే ఉంటుంది. కాబట్టి డౌన్‌లోడ్ చేసిన ఫైలును ఏమీ మార్చకుండా రెండు చోట్ల దాచండి. ఇంట్లో పిల్లలకు అది ఎక్కడుందో చెప్పి ఉంచండి. ముందుముందు ఆయా శాఖలు కొత్త రకం సంతకానికి మారితే, మన పత్రాలకు తాజా ప్రతి తీసుకోవడం మాత్రం మరవవద్దు.