ఏప్రిల్ రచయితలు

దళిత రచయితకు రేడియో నుంచి పిలుపు ఎప్పుడు వస్తుందో పంచాంగం చూడకుండానే చెప్పవచ్చు. ఏప్రిల్ 11 ఫూలే జయంతి, 14 అంబేడ్కర్ జయంతి. ఆ ముందు వారంలో ఫోను మోగుతుంది. పుస్తకం ఆగస్టులో వెలువడినా, డిసెంబరులో వెలువడినా దాని గురించిన ముఖాముఖి మాత్రం ఏప్రిల్‌లోనే. నా కథల గురించి ఇప్పటికి ఆరుసార్లు రేడియోలో మాట్లాడాను. అందులో ఐదు ఆ నెలవే. సంక్రాంతి కథలకూ ఉగాది కవి సమ్మేళనాలకూ వేరేవాళ్ళుంటారు.

అయినా పిలిస్తే వెళ్ళాలన్నదే నా అభిప్రాయం. కొత్తగా రాస్తున్న మన పిల్లలు కొందరు రేడియోలో సొంత పుస్తకం గురించి చెప్పుకోవడాన్ని సొంత డప్పు అంటున్నారు. ఊరి చాటింపులన్నిటికీ పనికివచ్చిన డప్పు మన పుస్తకానికి మాత్రం ఎందుకు పనికిరాదో నాకు అర్థం కాదు. మనలో చాలామంది తొలి పుస్తకాన్ని అప్పు చేసి అచ్చు వేసుకుంటారు. ఐదువందల ప్రతుల్లో సగం సభల్లో బల్ల మీద పెట్టి అమ్ముకుంటాం, మిగతావి పంచిపెడతాం. పత్రికలో సమీక్ష వస్తే చదివేది పుస్తకాల అలవాటు ఉన్నవారే. మరి ఆ కథల్లో ఉన్న మనుషుల మాటేమిటి? 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో షెడ్యూల్డు కులాల స్త్రీలలో అక్షరాస్యులు 56.5 శాతమే. పల్నాడు మిరపచేలో కాయ కోసే మనిషి నా పుస్తకం చదవదు, కానీ వింటుంది. ఒకసారి కథలో ఒక భాగం చదివి ఊరుకుంటే, ఎవరో కూలి మనిషి మేస్త్రీ ఫోను నుంచి కేంద్రానికి ఫోను చేసి ‘ఆ పిల్ల మళ్ళా బడికి పోయిందా లేదా?’ అని అడిగిందట. నా కథలపై వచ్చిన సమీక్షల్లో ఏ ఒక్కటీ ఆ ప్రశ్న అడగలేదు.

మన పెద్దలు ఈ సాధనాన్ని చిన్నచూపు చూడలేదు. అంబేడ్కర్ 1954 అక్టోబరు 3న ఆకాశవాణిలో తన జీవన తాత్త్వికతను వివరిస్తూ, స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాతృత్వాలను ఫ్రెంచి విప్లవం నుంచి కాదు, బుద్ధుడి నుంచి గ్రహించానని ప్రకటించారు. 1955లో బీబీసీకి ఇచ్చిన ముఖాముఖిలో గాంధీని మహాత్ముడని పిలవడానికి నిరాకరించారు. ఆయన గొంతును ఇవాళ మనం వినగలుగుతున్నామంటే అలాంటి రికార్డింగుల పుణ్యమే. గుడి గడప దాటలేనివాడి గోడును శివుడికి చేర్చమని 1941లో గబ్బిలాన్ని పంపిన జాషువా, 1957-59 మధ్య మద్రాసు రేడియో కేంద్రంలో కార్యక్రమ నిర్మాతగా పనిచేశారు. వార్తాహరుల విలువ ఆయనకు తెలియనిది కాదు.

చిక్కంతా స్టూడియో తలుపు మూశాక మొదలవుతుంది. అగ్రవర్ణ రచయితను శిల్పం గురించి, ప్రభావాల గురించి, ఇష్టమైన వాక్యాల గురించి అడుగుతారు. మనల్ని అడిగే మొదటి ప్రశ్న ‘మీరు ఎదుర్కొన్న అవమానాలు చెప్పండి’ అని. గాయం చూపించాక సమయం అయిపోతుంది. పుస్తకం పేరు ముగింపు సంగీతంలో కలిసిపోతుంది. ఒక కేంద్రంలో నా కథలోని భూస్వామి పాలేరును కులం పేరుతో పిలిచే వాక్యం చదవబోతే, ‘సామాజిక వర్గం’ అని మార్చమన్నారు. వర్గాలను కించపరచరాదన్న ప్రసార నియమాన్ని గుర్తుచేశారు. ఆ నియమం అవసరమైనదే. కానీ కించపరిచేవాడిని కథ పట్టి చూపిస్తున్నప్పుడు అది ఎవరిని కాపాడుతున్నట్టు? ఏ భూస్వామీ పాలేరును ‘ఓరి సామాజిక వర్గమా’ అని పిలవగా నేను వినలేదు. మరోచోట ‘కూడు తిన్నా’ అన్న మాటను ‘భోజనం చేశాను’గా దిద్దారు. ఆ పాత్ర జన్మలో భోజనం చేసి ఎరగదు.

అందుకే వెళ్ళేవారు సిద్ధపడి వెళ్ళాలి. ప్రశ్నలు ముందుగా అడిగి తెప్పించుకోండి. రాత గురించి రెండు ప్రశ్నలు మీరే రాసి పంపండి. పనిలో ఉన్నవాళ్ళకు ప్రశ్నలు పంపడమంటే సగం పని తగ్గించడమే గనుక చాలామంది సంతోషంగా తీసుకుంటారు. అవమానం గురించి అడిగితే జవాబును ఒక పాత్ర మీదికి మళ్ళించండి, సంభాషణ పుస్తకంలోకి వస్తుంది. చదివే భాగం రెండు నిమిషాలు మించకూడదు. ఇంట్లో గడియారం పెట్టుకుని పైకి చదివి చూసుకోవాలి, కంటికి బాగున్న వాక్యం నోటికి తిరగకపోవచ్చు. దిద్దరాని మాట ఏదో రికార్డింగుకు ముందే చెప్పాలి, తర్వాత కత్తెర మన చేతిలో ఉండదు. రేడియోను మధ్యలో పెట్టేవాళ్ళే ఎక్కువ, కాబట్టి పుస్తకం పేరు రెండు మూడుసార్లు మాటల్లో దొర్లాలి. ధర, దుకాణం చెప్పనివ్వకపోవచ్చు. ప్రసార సమయాన్ని మాత్రం వాడలో ముందుగా చాటింపు వేయించుకోవచ్చు.

మరో దారీ ఉంది. వాయు తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. 2006లో స్వచ్ఛంద సంస్థలకూ సామాజిక రేడియో అనుమతులు తెరుచుకున్నాయి. 2008 అక్టోబరు 15న జహీరాబాదు ప్రాంతంలోని మాచునూరులో సంగం రేడియో మొదలైంది. నడిపేది దళిత మహిళలు. అనుమతి రాకముందే ఏళ్ళ తరబడి క్యాసెట్ల మీద కార్యక్రమాలు చేసుకున్నవారు వాళ్ళు. విత్తనాల గురించి, పాటల గురించి, వైద్యం గురించి తమ మాటల్లోనే మాట్లాడుకుంటారు. అక్కడ కూడును భోజనంగా దిద్దేవారు లేరు. వినబడేది చుట్టుపక్కల ఊళ్ళ వరకే అన్నది నిజం. అయితే నా ఐదువందల ప్రతులు అన్ని ఊళ్ళకైనా చేరాయా? మన రచయితలు పెద్ద కేంద్రాల పిలుపు కోసం ఎదురుచూస్తూ ఇలాంటి చిన్న కేంద్రాల తలుపు తట్టడం లేదు.

నా కొత్త సంపుటి సెప్టెంబరులో వస్తుంది. ముఖాముఖి ఆ నెలలోనే పెట్టమని కోరుతూ మూడు కేంద్రాలకు ఉత్తరాలు రాశాను, ఎనిమిది ప్రశ్నలు జతచేశాను. మొదటిది కథల్లో యాస ఎంతవరకు వాడాలన్నది. ఒక కేంద్రం నుంచి జవాబు వచ్చింది: తేదీ చూస్తామన్నారు.