మిశ్రమ తుపాకులు: అరుదు వేరు, వెల వేరు

పాతకాలపు వస్తువు చేతికి వచ్చినప్పుడు మనకు రెండు ప్రశ్నలు తోచును. ఇది యెంత అరుదైనది? అమ్మినచో ఎంత పలుకును? మొదటిదానికి జవాబు దొరికినచో రెండవది దానంతట తేలునని చాలమంది తలంతురు. ఆ తలంపు సరికాదనుటకు మధ్య ఐరోపాలోని మిశ్రమ తుపాకులు మంచి నిదర్శనము.

వేటతుపాకి గొట్టము లోపల నున్నగా నుండును. దానినుండి చిన్న సీసపు గుండ్లు గుంపుగా వెడలును. రైఫిలు గొట్టములో మెలిదిరిగిన గాడులుండును. వానివలన ఒకే గుండు గిరగిర తిరుగుచు దూరమునకు సూటిగా పోవును. ఈ రెండు విధముల గొట్టములును ఒకే తుపాకిలో నున్నచో అది మిశ్రమ తుపాకి. జర్మనీ, ఆస్ట్రియా అడవులలో ఒకే పూట కుందేలును అడవిపందియు ఎదురుపడవచ్చును గనుక అచ్చటి వేటగాండ్రు దీనిని కోరిరి. మూడు గొట్టములదానిని డ్రిల్లింగ్ అనియు, నాలుగింటిదానిని ఫీర్లింగ్ అనియు అందురు. జర్మనీలోని జూల్, ఆస్ట్రియాలోని ఫెర్లాఖ్ పట్టణములు ఈ పనికి పేరెన్నికగన్నవి.

కోరినవారి అభిరుచిని బట్టి పనివారు వీనిని చేసినందున, ఒకదానివంటిది మరియొకటి లేని తుపాకులు అనేకము గలవు. కాని జోడు లేనంత మాత్రమున కొనువారు ఎగబడరు. ఇందుకు భిన్నముగా, జూల్‌లోని జె. పి. సావర్ సంస్థ 1941, 1942 సంవత్సరములలో జర్మను వైమానిక దళమునకై ఎం 30 అను డ్రిల్లింగును ఒకే తీరున వేలసంఖ్యలో చేసెను. విమానము కూలినచో సిబ్బంది ప్రాణరక్షణకై దీనిని అల్యూమినియము పెట్టెలోనుంచి ఇచ్చెడివారు. ఏకైకమైన సామాన్యపు డ్రిల్లింగుకంటె ఈ తుపాకి అనేక రెట్లు పలుకును. దాని వెనుక చరిత్ర యున్నది, దానికై వెదకువారున్నారు. పెట్టెయు, సామగ్రియు చెడక యున్నచో వెల మరింత హెచ్చును.

కావున వెలకట్టువారు మొదట గొట్టముల అడుగునగల పరీక్షాముద్రలను చూతురు. జర్మనీలో 1891 నాటి చట్టము ననుసరించి కిరీటము క్రింద అక్షరముగల ముద్రలు వేసెడివారు. 1939 నాటి చట్టము తరువాత కిరీటమునకు బదులు గరుడపక్షి వచ్చెను. కొన్నిటిపై పరీక్ష జరిగిన నెలయు సంవత్సరమును అంకెలలో నుండును. పిమ్మట గొట్టములపైని సంఖ్యయు, తక్కిన భాగములపైని సంఖ్యయు కలియుచున్నవా యని చూతురు.

తరువాతిది సహజస్థితి. పాతదానిని క్రొత్తగా కనబఱచవలెనని సానబట్టించి రంగు వేయించినచో చెక్కడపు పని అరగిపోవును. దానితోడనే విలువయు తగ్గును. అమ్మదలచినవారు ముందుగా చేయు పొరపాటు ఇదియే. ‘ఇది ఫలానా సేనానిది’ అను మాటకు సైతము పత్రముల ఆధారము లేనిదే వెల యుండదు.

మూడవది తూటా. తగిన తూటా దొరకనిది అలంకారమునకే పనికివచ్చును. ఇందు ప్రాణాపాయము కూడ గలదు. పాత జర్మను తుపాకులలో 65 మిల్లీమీటర్ల తూటాలకై చేసినవి అనేకము. నేటి తూటాలు సాధారణముగా 70 మిల్లీమీటర్లవి. ఎనిమిది మిల్లీమీటర్ల రైఫిలు గొట్టములలోను రెండు కొలతలున్నవి: ఒకదాని గుండు సుమారు 8.1, రెండవదాని గుండు 8.2 మిల్లీమీటర్లు. పెద్ద గుండును చిన్న గొట్టములో పేల్చినచో తుపాకి పగులవచ్చును. నిపుణుడు కొలత తీయకమునుపు పేల్చి చూడరాదు.

మన దేశములో ఇట్టి తుపాకి పెద్దలనుండి సంక్రమించినను, 1959 నాటి ఆయుధముల చట్టము ప్రకారము లైసెన్సు ఉండవలెను. 2019 సవరణ ననుసరించి సాధారణముగా ఒకరు రెండింటికి మించి ఉంచుకొనరాదు. అధికారుల కెఱుక లేకుండ అమ్మిన తుపాకికి వచ్చునది వెల కాదు, శిక్ష.

అరుదుదనమును లెక్క తేల్చును. వెలను మాత్రము చరిత్ర, స్థితి, కోరువారు ఈ మూడును కలిసి తేల్చును.