కోర్టు పెట్టిన టోపీ

‘పదిహేడో శతాబ్దం, యూరప్, మగవాళ్ల టోపీలు. బొమ్మలు బోలెడున్నాయి, కథనం రాసిచ్చేయండి’ అన్నారు ఎడిటర్ గారు. గురువారం రాత్రికి పేజీలు ప్రెస్సుకి పోవాలి. ఈకలూ రిబ్బన్లూ అంటే నాకు పెద్ద మోజు లేదు. బొమ్మలు పక్కనపెట్టి కాగితాలు తిరగేస్తుంటే 1670లో లండన్‌లో అచ్చయిన ఒక కరపత్రం తగిలింది. ఇక అక్కణ్నుంచి కదల్లేకపోయాను.

అది ఒక కేసు విచారణ కథ. చోటు ఓల్డ్ బెయిలీ కోర్టు, సెప్టెంబర్ మొదటి వారం. ముద్దాయిలు ఇద్దరు: పాతికేళ్ల విలియం పెన్, బట్టల వ్యాపారి విలియం మీడ్. ఇద్దరూ క్వేకర్లు అనే క్రైస్తవ శాఖవాళ్లు. తమ ప్రార్థన మందిరానికి సర్కారు తాళం వేస్తే, ఆగస్టు 14న గ్రేస్‌చర్చ్ వీధిలోనే నిలబడి పెన్ బోధ చేశాడు. జనం మూగారు. అల్లరి మూకను పోగేశారని కేసు.

క్వేకర్లు ప్రార్థన వేళ దేవుడి ముందు తప్ప ఎవరి ముందూ టోపీ తీసేవాళ్లు కాదు. మనం పెద్దల ముందు తలపాగా సర్దుకుంటాం, చెప్పులు విడుస్తాం. అక్కడి లెక్క వేరు. ఇంట్లో, భోజనాల బల్ల దగ్గర కూడా మగవాళ్ల నెత్తిన టోపీ ఉండేది. తనకన్నా పైవాడు ఎదురైతే మాత్రం తీసి తీరాలి. నేవీ అధికారి శామ్యూల్ పీప్స్ 1664 సెప్టెంబర్‌లో తనకు జలుబు ఎందుకు చేసిందో డైరీలో రాసుకున్నాడు: భోజనం దగ్గర టోపీ తీసి పడేసినందుకట!

కోర్టులోకి వస్తుంటే బంట్రోతు ఒకడు ముద్దాయిల టోపీలు తీసేశాడు. పాపం, మర్యాదకే తీశాడు. లార్డ్ మేయర్ శామ్యూల్ స్టార్లింగ్ గయ్యిమన్నాడు. ఎవడు తీయమన్నాడు, మళ్లీ పెట్టు అన్నాడు. బంట్రోతు పెట్టాడు. (ఈ కథ మొత్తంలో నాకు జాలేసింది ఇతని మీదే.) వెంటనే రికార్డర్, అంటే నగర న్యాయాధికారి, జాన్ హోవెల్ అందుకున్నాడు. ఇది రాజుగారి కోర్టని తెలుసా, గౌరవం ఇవ్వాలని తెలుసా, మరి టోపీ తీయవేం? టోపీ తీయడం గౌరవమని తాను నమ్మనన్నాడు పెన్. అయితే కోర్టు ధిక్కారం కింద తలకు 40 మార్కుల జరిమానా అన్నాడు రికార్డర్. మేం వచ్చినప్పుడు మా తలల మీద టోపీలు లేవు, బెంచి హుకుంతోనే ఇవి ఎక్కాయి, కాబట్టి జరిమానా వేయాల్సింది బెంచికే అన్నాడు పెన్.

ఇది ముద్దాయిల పక్షం అచ్చువేసిన కరపత్రం. తెలివైన జవాబులన్నీ పెన్ నోట, కసుర్లన్నీ బెంచి నోట పలకడంలో వింత లేదు. స్టార్లింగ్ కూడా దీనికి పోటీగా ఒక పుస్తకం వేశాడు.

40 మార్కులంటే 26 పౌన్ల 13 షిల్లింగుల 4 పెన్నీలు. పీప్స్ 1661 జూన్ 27న అందుకున్న బీవర్ టోపీ ఖరీదు 4 పౌన్ల 5 షిల్లింగులు. అంటే తీయని ఒక్కో టోపీకీ ఆరు మేలురకం టోపీల ధర వడ్డించారు. పీప్స్‌కి ఈ పెన్ పరాయివాడేం కాదు. తండ్రి అడ్మిరల్ పెన్ అతని పక్కింటాయన. 1664లో ఫ్రాన్స్ నుంచి తిరిగొచ్చిన కుర్రాడి వేషం, నడక, మాట తీరు చూసి ఫ్రెంచి సోకు శ్రుతి మించిందని డైరీలో చురక వేశాడు. 1667 డిసెంబర్‌లో అదే కుర్రాడు క్వేకర్లలో కలిశాడట అన్న కబురు రాశాడు. సోకు వదిలినా టోపీ మీద పట్టింపు వదల్లేదన్నమాట.

ఫ్యాషన్ ఏదీ అంటారా? ఒక్క గుక్కలో చెప్పేస్తాను. శతాబ్దం మొదట్లో ఎత్తు ఎక్కువ, అంచు తక్కువ. ముప్పయ్యేళ్ల యుద్ధం నాటికి వెడల్పాటి అంచు, దాని మీద నిప్పుకోడి ఈక. ఆ తర్వాత పెద్ద పెద్ద విగ్గులొచ్చి టోపీని నెత్తి మీంచి చంకలోకి దింపాయి. శతాబ్దం చివరికి అంచు మూడువైపులా పైకి మడిచి మూడు మూలల టోపీ చేశారు.

మళ్లీ కోర్టుకి వద్దాం. పెన్ వీధిలో మాట్లాడాడు, అంతవరకే అని తేల్చింది జ్యూరీ. అది తీర్పే కాదని బెంచి వాళ్లను తిండీ నీళ్లూ లేకుండా రాత్రిళ్లు గదిలో పెట్టి తాళం వేసింది. జ్యూరీ సభ్యుడు ఎడ్వర్డ్ బుషెల్, తోటివాళ్లు లొంగలేదు. చివరికి నిర్దోషులన్నారు. ఫలితం, జ్యూరీ సభ్యులకూ తలా 40 మార్కులు! బుషెల్ పైకోర్టుకెక్కాడు. తీర్పు చెప్పినందుకు జ్యూరీని శిక్షించకూడదని చీఫ్ జస్టిస్ జాన్ వాన్ తేల్చాడు. ఓల్డ్ బెయిలీలో ఆ జ్యూరీ పేరిట ఇప్పటికీ ఒక ఫలకం ఉంది.

నిర్దోషులైన పెన్, మీడ్ మాత్రం టోపీ బాకీ కింద న్యూగేట్ జైలుకి పోయారు. కట్టొద్దని తండ్రికి రాశాడు పెన్. అయినా జరిమానా కట్టేశారు. కట్టించింది తండ్రేనని ఎక్కువమంది నమ్మకం. మంచాన పడి ఉన్న అడ్మిరల్ సెప్టెంబర్ 16న పోయాడు.

బీవర్ ఎందుకంత ప్రియం?
బీవర్ లోపలి నూగుకి కంటికి కనపడని ముళ్లుంటాయి. ఆవిరిలో నొక్కితే ఒకదానికొకటి పట్టుకుని గట్టి ఫెల్ట్ అవుతుంది, వానకి వాలదు. యూరప్‌లో ఈ జంతువు దాదాపు అంతరించడంతో కెనడా మీద పడ్డారు. అక్కడి ఆదివాసులు ఒంటిమీద వేసుకుని అరగదీసిన తోళ్లకే గిరాకీ ఎక్కువ, పైవెంట్రుకలు అప్పటికే రాలిపోయి ఉంటాయి గనక. ఈ తోళ్ల వ్యాపారం చేసిన హడ్సన్స్ బే కంపెనీకి సనదు దక్కిందీ 1670లోనే, మే 2న.

బొమ్మల్లో
రెంబ్రాంట్ 1662లో గీసిన బట్టల తనిఖీదార్ల చిత్రంలో అయిదుగురు పెద్దమనుషులకీ టోపీలున్నాయి. వెనక నిలబడ్డ నౌకరుకి అలాంటి టోపీ లేదు. ఆ శతాబ్దపు కోరమాండల్ కలంకారీ తెరల మీదా టోపీల దొరలు కనిపిస్తారు.

రాజు టోపీ, జడ్జి టోపీ
1649 జనవరిలో ఇంగ్లండ్ రాజు ఒకటో చార్లెస్ తన విచారణకు టోపీతోనే వచ్చి కూర్చున్నాడు. మీది కోర్టే కాదని అర్థం. ఎవరైనా కాల్చేస్తారన్న భయంతో ప్రధాన న్యాయమూర్తి జాన్ బ్రాడ్‌షా లోపల ఉక్కు రేకులు వేయించిన టోపీ పెట్టుకున్నాడు. అది ఆక్స్‌ఫర్డ్ ఆష్మోలియన్ మ్యూజియంలో ఉంది.