బస్సు చార్జి చీర ధరలో చేరవలెను

మన నాగలమడికలో తాతల కాలమున ప్రయాణమనగా కాలినడక, లేకున్న ఎద్దుబండి. ఇంటి లెక్కలో దానికి ప్రత్యేకముగా పద్దు ఉండెడిది కాదు. నేడు నూలు తెచ్చుటకు, చీర అమ్ముటకు, పిల్లల చదువుకు, వైద్యమునకు పావగడకో, హిందూపురమునకో పోక తప్పదు. బస్సు టిక్కెట్టు, మోటారు సైకిలు పెట్రోలు, దాని వాయిదా, అన్నియు మగ్గము మీద వచ్చిన కూలిలోనుండియే పోవలెను.

ఇది మన ఒక్క ఊరి మాట కాదు. కేంద్ర ప్రభుత్వ కుటుంబ వ్యయ సర్వే ప్రకారము, పల్లెలలో నూరు రూపాయల ఖర్చులో ప్రయాణముల వాటా 2011-12లో 4 రూపాయల 20 పైసలు. 2022-23లో 7 రూపాయల 55 పైసలు. ఆ ఏడు ధాన్యములకైన ఖర్చు అయిదు రూపాయలకు లోపే! తిండిగింజలకంటె తిరుగుటకే ఎక్కువ పోయినది.

కర్ణాటకమున 2023 జూన్ 11న 'శక్తి' పథకము వచ్చి, స్త్రీలకు ప్రభుత్వ బస్సులలో ఉచిత ప్రయాణము కలిగినది. ఆంధ్రలో 2025 ఆగష్టు 15న ఇట్టిదే మొదలైనది. అది అంతర్రాష్ట్ర బస్సులకు వర్తించదు. మన తాలూకాకు చాలవరకు ఆంధ్రయే పొలిమేర గనుక, ధర్మవరము పోవువారు ఈ సంగతి తెలిసికొని బయలుదేరవలెను.

టిక్కెట్టుకంటె పెద్ద నష్టము మరొకటి కలదు. నేతగాడు ఊరు వెళ్లిన దినమున మగ్గము నిలిచిపోవును. చార్జి కంటికి కనబడును. పోయిన కూలి కనబడదు.

కనుక సోదరులారా, ప్రతి ప్రయాణమును పుస్తకములో వ్రాయుడు. చార్జితోబాటు ఆనాటి కూలిని గూడ చేర్చి చీర ధర కట్టుడు. నాలుగిండ్లవారు కలిసి వంతులవారీగా ఒక్కరు వెళ్లిన, మూడు మగ్గములు ఆడుచునే యుండును.